రాచకొండ గుట్టలకు ఒక్కరోజు: ప్లాన్ సాయంత్రం నుంచి వెనక్కి వేయండి

రాచకొండ అంటే హైదరాబాద్ తూర్పు వైపు ఉండేవాళ్ళలో చాలామందికి ముందు పోలీసులే గుర్తొస్తారు. 2016లో సైబరాబాద్‌ని విడగొట్టి కొత్త కమిషనరేట్ పెట్టినప్పుడు దానికి ఆ పేరే పెట్టారు, 2025 చివర్లో ఆ పేరు తీసేసేదాకా చలాన్ల మీద చూసి చూసి అలవాటైపోయింది. ఆ పేరు ఏ గుట్టలదో ఆ గుట్టలు మాత్రం నగరం నుంచి దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో, యాదాద్రి భువనగిరి జిల్లా సంస్థాన్ నారాయణపురం మండలంలో, చుట్టూ తండాలు, సీతాఫలం పొదలు, మేకల మందలతో ప్రశాంతంగా ఉంటాయి. పైన ఒక పెద్ద పాడుబడ్డ కోట కూడా ఉంది. వెళ్ళేవాళ్ళు తక్కువ.

తక్కువ కాబట్టే ఇది రాస్తున్నా. భువనగిరి కోటకి వెళ్తే టికెట్ కౌంటర్ ఉంటుంది, మెట్లుంటాయి, కింద నిమ్మసోడా బండి ఉంటుంది, కాలు జారితే చూడడానికి పదిమంది ఉంటారు. అక్కడ మీ ప్లాన్‌లో సగం వేరేవాళ్ళు ఎప్పుడో చేసి పెట్టేశారు, మీకు తెలియకుండానే. పేరు పడని గుట్టకి వెళ్ళేటప్పుడు ఆ సగం కూడా మీరే చేసుకోవాలి. రాచకొండని ఉదాహరణగా పెట్టుకుని చెప్తా, కానీ ఈ పద్ధతి కోయిల్‌కొండకైనా, ఖిల్లా ఘణపురానికైనా, నెల్లూరు వైపు ఉదయగిరి దుర్గానికైనా పనికొస్తుంది. నల్లమల, శేషాచలం లాంటివి మాత్రం ఈ లెక్కలో కలపకండి. ఒకటి పులుల అడవి, ఇంకోటి ఎర్రచందనం అడవి. అక్కడ అనుమతి లేకుండా బ్యాగు తగిలించుకుని తిరిగితే మీరు సరదాగా వచ్చారని టాస్క్‌ఫోర్స్ వాళ్ళకి నచ్చజెప్పుకోవడం చాలా కష్టం.

మామూలుగా అందరూ ప్లాన్ పొద్దున నుంచి వేస్తారు. ఎన్నింటికి లేవాలి, టిఫిన్ ఎక్కడ, ఎవరిని ఎక్కడ ఎక్కించుకోవాలి, ఇలా. ఎక్కడం వరకు అంతా పక్కాగా ఉంటుంది, దిగడం గురించి ఎవరూ మాట్లాడరు, అదేదో దానంతటదే అయిపోతుందన్నట్టు. నేను చెప్పేది తిరగేసి చేయమని. సూర్యాస్తమయం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి.

డిసెంబరు మొదటివారంలో హైదరాబాద్ చుట్టుపక్కల సుమారు 5:40కి పొద్దు గూకుతుంది. జనవరి మధ్యలో ఆరు గంటలకి, ఫిబ్రవరి మధ్యలో ఇంకో పావుగంట ఆలస్యంగా. గుట్టల మధ్య లోయల్లో వెలుతురు అంతకంటే ముందే పోతుంది, పడమటి వైపు గుట్ట అడ్డమొస్తే నాలుగున్నరకే నీడ కమ్మేస్తుంది. కాబట్టి బండి దగ్గరికి మీరు మూడున్నరకల్లా వచ్చేయాలి. అప్పటి నుంచి చీకటి పడేదాకా ఉన్న రెండు గంటలూ విశ్రాంతికి కాదు, దారి తప్పడానికి. అవును, దారి తప్పడానికి టైమ్ ముందే కేటాయించుకోవాలి, ఎందుకంటే పేరులేని గుట్ట మీద దారి తప్పడం అనేది ప్రమాదం కాదు, మామూలు సంగతి. ఇక దిగడానికి, ఎక్కినంత టైమూ వేసుకోండి. మెట్లున్న చోట దిగడం సగం టైమే, కానీ ఇక్కడ పరుపు బండల మీద, ముళ్ళ పొదల మధ్య దిగేటప్పుడు ఎక్కేటప్పటికంటే నెమ్మదిగానే వస్తారు. ఎక్కడానికి తిరుగుళ్ళతో సహా మూడు గంటలు పడుతుందనుకుంటే, పన్నెండున్నరకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. ఎక్కడున్నా అంటే ఎక్కడున్నా. శిఖరం కళ్ళముందే కనిపిస్తున్నా, "ఇంకో పది నిమిషాలే" అని ఎవరు బతిమాలినా సరే. ఆ టైమ్ ఇంటి దగ్గరే, అందరి ముందూ చెప్పి ఒప్పించండి. గుట్ట మీద ఆ చర్చ పెట్టుకుంటే ఎప్పుడూ ఉత్సాహవంతుడే గెలుస్తాడు.

అలా వెనక్కి వస్తే ఎక్కడం మొదలుపెట్టడానికి తొమ్మిదిన్నర ఆఖరి గడువని తేలుతుంది, కానీ ఎండని కూడా లెక్కేసుకుని ఏడింటికే మొదలుపెట్టండి. అంటే ఎల్బీ నగర్ నుంచి ఐదింటికల్లా బయల్దేరాలి. ఇంత పొద్దున్నే అవసరమా అంటే, అవసరమే. చీకటి ఒక కారణం, ఇంకో కారణం బండ. పదకొండు దాటాక నల్లరాయి వేడెక్కి కింద నుంచి కూడా కాల్చడం మొదలుపెడుతుంది, డిసెంబరులో కూడా. పదికల్లా పైన ఉండి, నీడలో ఒక గంట కూర్చుని, తినేసి, ఎండ ముదిరే లోపు దిగుతూ ఉండాలి. మార్చి తర్వాత అయితే ఈ గుట్టల జోలికి వెళ్ళకండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పచ్చగా చాలా అందంగా ఉంటుంది కానీ గడ్డి మోకాళ్ళ దాకా పెరిగి కాలు ఎక్కడ పెడుతున్నారో కనిపించదు, బండ తడిసి జారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సరైన సీజన్. నవంబరు మొదట్లో వెళ్తే సీతాఫలాలు కూడా మిగిలి ఉంటాయి. తండా వాళ్ళు వాటిని ఏరుకుని అమ్ముకుని నాలుగు డబ్బులు చూసుకుంటారు, అందుకని కొనుక్కుని తినండి, చెట్లు దులపకండి.

మూడు గంటలు అన్న లెక్క ఎక్కడిది అని అడగొచ్చు. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు, ఇప్పటికీ కొండలెక్కేవాళ్ళు అదే వాడతారు. నడకకి గంటకి సుమారు 5 కిలోమీటర్లు, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. ఒకవైపు 3 కిలోమీటర్ల నడక, 200 మీటర్ల ఎత్తు అనుకోండి, 36 నిమిషాలు, ఇంకో 20 నిమిషాలు, మొత్తం గంటలోపే. ఆయన లెక్క మంచి దారిలో చురుగ్గా నడిచేవాళ్ళకి. మన ముళ్ళకంపల్లో, బండల్లో దాన్ని రెండింతలు చేయండి, పిల్లలో, నడక అలవాటు లేనివాళ్ళో ఉంటే మూడింతలు. మూడు గంటలన్నది అలా వచ్చిందే, కోట గోడలు చూసుకుంటూ, ఫొటోలు దిగుతూ వెళ్ళేవాళ్ళకి.

మ్యాపు, మనుషులు

వారం ముందు ఒక సాయంత్రం కూర్చుని ఫోన్లో శాటిలైట్ చిత్రం తెరిచి గుట్టని బాగా దగ్గరగా చూడండి. తెల్లగా, బూడిద రంగులో నున్నగా కనిపించేవి పరుపు బండలు, నడవడానికి హాయి. ముదురు ఆకుపచ్చగా వంకర్లు తిరిగే గీతలు వాగులు. ఎండాకాలం ముందు వాటిలో నీళ్ళుండవు కానీ పొదలు దట్టంగా ఉంటాయి కాబట్టి షార్ట్‌కట్ అనుకుని దిగకండి. సన్నగా, లేత రంగులో గీసినట్టున్నవి మేకల బాటలు. అవి మనుషుల దారులకంటే నమ్మకమైనవి, కాకపోతే మేక వెళ్ళే ఇరుకుల్లోంచి మీరు వెళ్ళలేరు. వేర్వేరు నెలల పాత చిత్రాలు చూసే వీలుంటే ఏప్రిల్ నాటివి చూడండి, ఆకు రాలి నేల కనిపిస్తుంది. ఎత్తు గీతలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులు ఉన్నాయి, 1:50,000 స్కేలువి. 2017 నుంచి వాళ్ళ వెబ్‌సైట్‌లో లాగిన్ అయ్యి ఉచితంగా దించుకునే వీలు కల్పించారు. గీతలు దగ్గరదగ్గరగా ఉన్న వైపు నిటారు, దూరం దూరంగా ఉన్న వైపు వాలు. ఎక్కడానికి వాలు వైపు ఎంచుకోండి, నిటారు వైపు పై నుంచి చూసి ఆనందించండి.

మ్యాపుని ఆఫ్‌లైన్‌లో దించుకోండి, సిగ్నల్ గుట్టల మధ్యలో ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది, బ్యాటరీ మాత్రం చాలా మిగులుతుంది. బండి దిగగానే ట్రాక్ రికార్డింగ్ మొదలుపెట్టండి, కనీసం ఇద్దరి ఫోన్లలో. దారి తప్పితే కొత్త దారి వెతక్కుండా మీరు వచ్చిన గీత మీదే వెనక్కి వెళ్ళొచ్చు. ఇంకో అలవాటు, ప్రతి మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. దిగేటప్పుడు కనిపించేది ఆ దృశ్యమే, ఎక్కేటప్పటిది కాదు.

రాచకొండలో మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. కోట గోడే దారి చూపిస్తుంది. కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయాక ఈ ప్రాంతం రేచర్ల పద్మనాయకుల చేతికొచ్చింది. 14వ శతాబ్దంలో అనపోతానాయకుడు రాజధానిని ఆమనగల్లు నుంచి ఇక్కడికి మార్చి కోట కట్టించాడు, ఆయన తమ్ముడు మాదానాయకుడు దేవరకొండ నుంచి ఏలాడు. తర్వాత సింగభూపాలుడి కాలంలో ఇది కవులూ పండితులూ వచ్చిపోయే పెద్ద రాజధాని, ఇప్పుడు చూస్తే నమ్మడం కష్టం. 15వ శతాబ్దంలో బహమనీల వశమైంది. ఇదంతా చరిత్ర కోసమే చెప్పట్లేదు. ఆ గోడలు పెద్ద పెద్ద రాళ్ళని సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టినవి, గుట్ట నుంచి గుట్టకి వాలులు పట్టుకుని సాగుతాయి. ద్వారాలు కాకతీయుల పద్ధతిలో నిలువు రాతి స్తంభాలు, పైన అడ్డంగా ఒకే రాతి దూలం. పాత రోజుల్లో జనం, గుర్రాలు నడిచిన బాట ఎప్పుడూ ద్వారం గుండానే పోతుంది కాబట్టి, పొదల్లో బాట మాయమైపోతే గోడ దాకా వెళ్ళి, గోడని అంటిపెట్టుకుని ద్వారం దొరికేదాకా నడవండి. పేర్చిన రాళ్ళే కాబట్టి గోడ ఎక్కి నడవకండి, అవి కదులుతాయి. గోడకి లోపలున్నామా బయటున్నామా అన్నది గుర్తుపెట్టుకుంటే చాలు, పూర్తిగా దారి తప్పడం కష్టం.

అయినా అన్ని మ్యాపులకంటే పెద్ద మ్యాపు కింద మేకలు కాసే పెద్దాయన. పక్కన లంబాడీ తండాలున్నాయి. బండి అక్కడ ఎవరి ఇంటి ముందైనా అడిగి పెట్టుకోండి, పెట్టినందుకు ఎంతో కొంత ఇవ్వండి. ఆ తర్వాత అడగడంలో ఒక పద్ధతుంది. "అన్నా, గుట్ట మీదికి తొవ్వ ఎటు?" అంటే "గిట్లనే పో, గీడనే" అని చెయ్యి చూపిస్తారు. ఆ గీడనే అన్నది పావుగంట కావచ్చు, గంటన్నర కావచ్చు, రోజూ ఎక్కే కాళ్ళకి తేడా తెలియదు. అందుకని ఇలా అడగండి: "తాతా, మేకలు ఎటు నుంచి ఎక్కుతయి?" "ఈ ఏడు పైకి ఎవరన్న పోయిండ్రా?" "తేనె తుట్టెలు ఏ పక్కన ఉన్నయి?" "పైన దోనలల్ల నీళ్ళున్నయా?" దోనలంటే బండ మీద నీళ్ళు నిలిచే గుంతలు. ఈ నాలుగింటికి వచ్చే జవాబులు యూట్యూబ్ వీడియోలన్నింటికంటే విలువైనవి. ఎవరైనా తోడు వస్తానంటే తీసుకెళ్ళండి, కూలీ ముందే మాట్లాడుకోండి. ఒకరోజు కూలీ ఎంత ఉంటుందో అంతకి తగ్గకుండా ఇవ్వడం న్యాయం.

వాళ్ళు మిమ్మల్ని కాస్త అనుమానంగా చూస్తే చిన్నబుచ్చుకోకండి. గుప్తనిధుల పిచ్చోళ్ళు ఈ కోటని ఎక్కడపడితే అక్కడ తవ్వారు. రాత్రిళ్ళు వచ్చి గుళ్ళ దగ్గర గుంతలు తీసి పోతారు. బ్యాగులతో దిగిన కొత్త ముఖాలు ఊరివాళ్ళకి ముందు అలాగే కనిపిస్తాయి. పగటిపూట వెళ్ళండి, ఎవరో ఎందుకొచ్చారో మీరే ముందు చెప్పండి, గడ్డపార లాంటివి, తళతళలాడే మెటల్ డిటెక్టర్ లాంటివి సరదాకి కూడా తేకండి. ఆ గుంతలు పైన ఇంకా అలాగే ఉంటాయి, కొన్నిటి మీద గడ్డి పెరిగి కప్పేసి ఉంటుంది, గుడి శిథిలాల చుట్టూ నడిచేటప్పుడు కర్రతో తట్టుకుంటూ వెళ్ళండి.

ఏం మోయాలి

మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. ఇందులో బేరం లేదు. బండిలో ఇంకో లీటరు విడిగా ఉంచండి, దిగాక తాగడానికి. సగం నీళ్ళు అయిపోయినప్పుడు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి, ఇది పన్నెండున్నర నియమంతో పాటు రెండో నియమం, ఏది ముందొస్తే అది. పైన రాతి దోనల్లో నీళ్ళు కనిపిస్తాయి కానీ అవి పశువులు తాగేవి, ముఖం కడుక్కోవడానికి పనికొస్తాయి అంతే. కింద బోర్ల సంగతి, ఈ నారాయణపురం, మర్రిగూడ, చౌటుప్పల్ ప్రాంతమంతా ఫ్లోరైడ్ నీళ్ళకి తరాలుగా బాధపడ్డది. ఇప్పుడు నల్లా నీళ్ళు వస్తున్నాయి. ఒక్కరోజు బోరు నీళ్ళు తాగితే మీకేమీ కాదు, కానీ మరిగిస్తే సరిపోతుందిలే అనుకునేవాళ్ళుంటారు, మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇంటి నుంచే తెచ్చుకోండి. రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు జేబులో వేసుకోండి, ప్యాకెట్‌కి లీటరు నీళ్ళు. సీసాలో సగానికే కలిపి చిక్కగా తాగితే మేలు కంటే కీడే ఎక్కువ.

తిండి విషయంలో మన పెద్దవాళ్ళే నయం, సద్ది కట్టుకుని పోయేవాళ్ళు. పులిహోర మధ్యాహ్నం దాకా చెక్కుచెదరదు. చపాతీలో బెల్లం, నెయ్యి చుట్టుకున్నా సరే. సంక్రాంతి రోజుల్లో అయితే సకినాలు ఉండనే ఉంటాయి. పల్లీపట్టి, ఖర్జూరం, రెండు నారింజలు. పెరుగన్నం వద్దు, ఎండలో బ్యాగులో పులిసిపోతుంది. చిప్స్ ప్యాకెట్లు దాహం పెంచుతాయి, పైగా ఖాళీ కవర్లు గాలికెగిరి ముళ్ళకంపకి చిక్కుకుని ఏళ్ళ తరబడి ఉంటాయి. ఒక గుడ్డసంచి ఖాళీగా తీసుకెళ్ళి చెత్తంతా అందులో వేసుకుని రండి. వంట పైన వద్దు. రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేయడం నేరం, నేరం సంగతి పక్కన పెట్టినా జనవరి నాటికి గడ్డి పూర్తిగా ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. సిగరెట్లు తాగేవాళ్ళు మీ బృందంలో ఉంటే కింద తాగేసి రమ్మనండి. మందు సీసాల వాళ్ళతో అయితే అసలు ఈ గుట్టకే వెళ్ళకండి, ఫామ్‌హౌస్‌లు బోలెడున్నాయి.

బట్టలు పొడవుచేతులవి, ప్యాంటు నిండుగా. షార్ట్స్ వేసుకుంటే ఈత ముళ్ళు, రేగు ముళ్ళు, ఉత్తరేణి గింజలు కలిసి మీ కాళ్ళ మీద సంతకాలు చేస్తాయి. మేజోళ్ళు మందంగా, పాదం పైదాకా ఉండాలి. నవంబరు, డిసెంబరుల్లో గడ్డిగింజలు సూదుల్లా మేజోళ్ళలోకి దిగుతాయి, కాబట్టి ప్యాంటు అంచుని మేజోడులోకి దోపడం కాకుండా మేజోడు మీదికి లాగి రబ్బరుబ్యాండు వేయండి. బూట్లు ఖరీదైనవి అక్కర్లేదు, అడుగు అరగనివైతే చాలు. కొత్తవి మాత్రం ఆ రోజే మొదటిసారి వేసుకోకండి. టోపీ, చిన్న టార్చ్, విజిల్, తువ్వాలు. తువ్వాలు ఎండకి, చెమటకి, చెయ్యి బెణికితే కట్టుకి, తేనెటీగలొస్తే ముఖానికి.

బండ మీద నడక గురించి కొంచెం. ఎండి ఉన్న గరుకు నల్లరాయి మంచి పట్టు ఇస్తుంది, కాస్త వాలుగా ఉన్నా పాదం మొత్తం ఆనించి నడిస్తే నిలబడుతుంది, మునివేళ్ళ మీద నడిచేవాళ్ళే జారుతారు. మూడు చోట్ల జాగ్రత్త. బండ మీద పరుచుకున్న ఇసుక పలుకులు. వాననీళ్ళు కారిన నల్ల చారలు, అవి ఎండినట్టు కనిపించినా నాచు ఉంటుంది. ఇంకా ఆకులు నిండిన నెర్రెలు, పైకి ఎక్కడానికి పట్టు కోసం చెయ్యి వాటిలో పెట్టకండి. తేళ్ళకి, పాములకి అవే ఇళ్ళు. దిగేటప్పుడు వాలు ఎక్కువైతే సిగ్గుపడకుండా కూర్చుని జరగండి.

ఏదైనా అయితే

జనం భయపడేది చిరుతకి. ఆ చుట్టుపక్కల యాచారం, కడ్తాల్ వైపు చిరుత దూడల్ని పట్టుకుపోయిందని వార్తలొచ్చాయి, నిజమే, కానీ పట్టపగలు నలుగురు మాట్లాడుకుంటూ వెళ్తుంటే అది మీ దారికి రాదు. నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది కరెంటు తీగ. అడవిపందులు పంట తొక్కేస్తున్నాయని కొంతమంది రైతులు రాత్రిపూట చేను చుట్టూ సన్న తీగ కట్టి కరెంటు పెడతారు. చట్టవిరుద్ధం, అయినా పెడతారు, ఏటా మనుషులు కూడా చనిపోతున్నారు. చీకట్లో చేలగట్ల మీద నుంచి అడ్డంగా నడవకండి. పూర్తిగా తెల్లవారాక, బాట మీదే వెళ్ళండి. పొద్దున చీకటితో బయల్దేరమన్నది రోడ్డు ప్రయాణానికే, నడకకి కాదు.

రెండోది కొండ తేనెటీగలు. పెద్ద బండల చూరు కింద, కోట ద్వారాల పైన నల్లగా వేలాడే తుట్టెలుంటాయి. వాటికి ఘాటైన సెంటు వాసన, పొగ, అరుపులు పడవు. తుట్టె కనిపిస్తే గొంతు తగ్గించి దూరంగా తప్పుకోండి, రాయి విసిరే వీరుడు ఎవరైనా మీతో ఉంటే ఇంటి దగ్గరే వదిలేసి రండి. లేచాయంటే నిలబడి చేతులు ఊపకండి, కొట్టకండి. తువ్వాలు తల మీదికి లాగి, కళ్ళు, ముక్కు కాపాడుకుంటూ పరిగెత్తండి, దట్టమైన పొదల్లోంచి వెళ్తే ఇంకా మంచిది. నీళ్ళలో దూకితే పైకి లేచేదాకా కాచుకుని ఉంటాయి. కుట్టినచోట విడిచే వాసనకి మిగతావీ అక్కడికే వస్తాయి, కాబట్టి ముందు దూరం, తర్వాతే ముల్లు తీయడం. గోటితోనో, ఏటీఎం కార్డు అంచుతోనో గీకేయండి, ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం, పెదాలు వాయడం కనిపిస్తే అది ఎమర్జెన్సీ. తేనెటీగలు పడనివాళ్ళు బృందంలో ఉన్నారేమో ముందే అడిగి తెలుసుకోండి.

మూడోది పాము. రక్తపింజర, కట్లపాము, నాగుపాము మూడూ మన వైపు ఉన్నవే. కాటు పడితే గట్టిగా కట్టు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం ఏదీ వద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాలో చెయ్యో కదలకుండా కర్రతో ఆసరా పెట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దించాలి. పాముని పట్టుకుని తేవాల్సిన పనిలేదు. మందు ఆసుపత్రిలోనే ఉంటుంది. అందుకే ఏ ఆసుపత్రికి వెళ్ళాలన్నది ఇంటి దగ్గరే రాసిపెట్టుకోండి: నారాయణపురం వైపు దిగితే చౌటుప్పల్, మంచాల వైపు దిగితే ఇబ్రహీంపట్నం. 108, 112 రెండూ ఫోన్లో ఉంచండి, సిగ్నల్ చివరిసారి ఎక్కడ దొరికిందో ఎక్కేటప్పుడే గమనించుకోండి.

ఈ మోసుకుని దించడం అన్న మాట వల్లే నలుగురు ఉండాలంటాను. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండాలి, ఇద్దరు కిందికి వెళ్ళి తండాలో సాయం అడగాలి. పదిమంది అయితే మళ్ళీ ఇంకో తలనొప్పి, అందరినీ కూడగట్టేసరికి ఎండెక్కుతుంది. ఒంటరిగా వెళ్ళే అలవాటున్నవాళ్ళకి నేను చెప్పినా వినరు, కనీసం బండి పెట్టిన చోటు లొకేషన్, ఎటువైపు ఎక్కుతున్నదీ, "నాలుగింటికల్లా ఫోన్ చేయకపోతే ఫలానా నంబరుకి చెప్పు" అన్న మాట ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి. బృందమైనా సరే ఆ మెసేజ్ తప్పదు. నాలుగు అన్నది ఎందుకంటే ఇంకా వెలుతురు మిగిలి ఉండాలి.

వెళ్ళడానికి రెండు దారులు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాకా వెళ్ళి అక్కడి నుంచి సంస్థాన్ నారాయణపురం వైపు తిరగడం ఒకటి. సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం, మంచాల మీదుగా లోపలికి వెళ్ళడం రెండోది. మొదటిది రోడ్డు బాగుంటుంది, రెండోది దృశ్యం బాగుంటుంది. బైకులైతే మంచాల వైపు, కారులో పెద్దవాళ్ళతో అయితే చౌటుప్పల్ వైపు. ఆర్టీసీ బస్సు నమ్ముకుని వెళ్ళేవాళ్ళు నారాయణపురం దాకా వెళ్ళి అక్కడ రాను పోను ఆటో మాట్లాడుకోవాలి, తిరుగు టైమ్ కూడా ముందే చెప్పి. పెట్రోలు మెయిన్ రోడ్డు మీదే నింపుకోండి. టిఫిన్ కూడా అక్కడే కానిచ్చేయండి, లోపలికి వెళ్ళాక పొద్దున ఆరింటికి ఏ హోటలూ తెరిచి ఉండదు.

దిగాక పొద్దున దారి చెప్పిన పెద్దాయనకి కనిపించి "దిగినం తాతా" అని ఒక మాట చెప్పి బయల్దేరండి, లేకపోతే చీకటి పడ్డాక వాళ్ళు మీకోసం వెతుకుతారు. తర్వాత బట్టలు దులుపుకుని, మోకాళ్ళ వెనక, నడుము దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోండి. ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణానికి మంచాల రోడ్డే నయం, హైవే మీద ఎల్బీ నగర్ వైపు బండ్లు ఆగి ఆగి కదులుతాయి. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు, తర్వాత రెండు మూడు రోజులు అయితే చౌటుప్పల్ దారి పూర్తిగా మర్చిపోండి, పంతంగి టోల్‌గేట్ దగ్గర లైను కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది.